చీటీలో నాలుగో వరుస

అనగనగా, వానల కంటే బావుల మీదే ఎక్కువ ఆశ పెట్టుకుని బతికే దేశం ఒకటి ఉండేది. చిత్రవర్మ అనే రాజు ఆ దేశాన్ని ఏలేవాడు. రాజధాని పేరు తంగేడుపురం. అక్కడ నేలంతా ఎర్రమట్టి, దాని కింద రాయి, రాయి కింద ఎక్కడో నీళ్ళు. బావి తవ్వాలంటే ఇరవై నిలువుల లోతుకు దిగాలి. కొండ మీద తేనె తీయాలన్నా, గనిలోంచి బండ పైకి లాగాలన్నా, మోకు లేనిదే పని జరగదు. ఆ దేశంలో ఎంతోమంది ప్రాణాలు పగలంతా ఏదో ఒక మోకుకు వేలాడుతూ ఉండేవి.

రాజధానికి అర రోజు నడకలో ఎర్రమెట్ట అనే ఊరుంది. ఆ ఊళ్ళో అంకమ్మ, బొంతయ్య అనే ఆలుమగలు బావులు తవ్వి బతికేవాళ్ళు. బొంతయ్య గునపం తీసుకుని లోపలికి దిగేవాడు. అంకమ్మ గట్టున గిలక పక్కన నిలబడి, ఇద్దరు కూలీల చేత మోకు వదిలించేది, లాగించేది. ఆమెకు చదువు రాదు. కానీ చేతిలో కదిలే మోకును బట్టి కింద మనిషి బరువుగా ఉన్నాడో, తట్టలో మట్టి నిండిందో చెప్పగలదు.

ఆ ఏడు వేసవి మొదట్లో వాళ్ళ పాత మోకు అరిగిపోయింది. అంకమ్మ తంగేడుపురం వెళ్ళి, నాగదత్తుడి కొట్టు మెట్లెక్కింది. నాగదత్తుడు పేరున్న వర్తకుడు. కోటకు కూడా మోకులు పంపేది ఆయనే.

అంకమ్మ కొత్త మోకును చేత్తో తడిమి చూసింది. అది నూనె పట్టి నున్నగా మెరుస్తూ ఉంది.

"ఇంత నూనె ఎందుకు పట్టించారు షావుకారుగారూ?" అని అడిగింది.

"ఎండకు నార పెళుసెక్కకూడదని, తల్లీ," అన్నాడు నాగదత్తుడు.

"నా పెనిమిటి దీన్ని నమ్ముకుని బావిలోకి దిగుతాడు. ఆగుతుందా?"

"ఏనుగును కట్టినా ఆగుతుంది. నా మాట నమ్ము."

అంకమ్మ నమ్మింది. వెల చెల్లించి, మోకు భుజానికెత్తుకుంది. మెట్లు దిగుతుండగా గుమాస్తా వెనక నుంచి పిలిచి, చిన్న తాటాకు చీటీ ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. "కొన్నట్టు గుర్తు," అన్నాడు. ఆమె దాన్ని కొంగున ముడి వేసుకుంది.

మూడో రోజున ఆ మోకు తెగింది.

బొంతయ్యను పైకి లాగుతున్నారు. అతను అడుగు నుంచి ఎంతో ఎత్తుకు రాలేదు. అంకమ్మ చేతి కింద మోకు ఒక్కసారి వణికింది. ఆ వణుకు ఆమెకు తెలిసినది కాదు. "ఆగండి, దించండి," అంది కూలీలతో. వాళ్ళు దించబోయేలోపే లోపల ఎక్కడో బట్ట చిరిగినట్టు చప్పుడైంది. గిలక మీద మోకు తేలికైపోయింది.

అంకమ్మ బావిలోకి వంగి పిలిచింది. జవాబు రాలేదు. మళ్ళీ పిలిచింది. మూడోసారి పిలిచాక కింద నుంచి ఒక మూలుగు వినిపించింది.

పాత మోకు తెచ్చి, దానికి చీరలు మెలిపెట్టి జత కట్టి, అతన్ని పైకి తీసేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. అడుగున బురద ఉండబట్టి బొంతయ్య బతికాడు. కుడి తొడ ఎముక మాత్రం విరిగింది. కట్టు కట్టిన వైద్యుడు అంకమ్మను పక్కకు పిలిచి, "ఆరు నెలలు కదలకూడదు. ఆ తరువాత నడుస్తాడు. బావిలోకి దిగుతాడన్న ఆశ పెట్టుకోకు," అన్నాడు.

అంకమ్మ ఏడవలేదు. తెగిన మోకు కొసను చేతిలోకి తీసుకుని, పేటలు విప్పింది. పైన నూనె. లోపల నార నల్లగా చీకిపోయి ఉంది. వేళ్ళతో నలిపితే పొడి అయింది. ఆమె దాన్ని గుడ్డలో మూట కట్టింది. ఐదు రోజులు మొగుడి మంచం పక్కనే కూర్చుని, ఆరో రోజున ఆడపడుచును కాపలా ఉంచి, మళ్ళీ తంగేడుపురం బయలుదేరింది.

నాగదత్తుడు కోప్పడలేదు. ఆ మోకు ముక్క వైపు చూడనూ లేదు.

"చీటీ తెచ్చావా తల్లీ?" అన్నాడు.

ఆమె కొంగుముడి విప్పి ఇచ్చింది. ఆయన దాన్ని గుమాస్తాకు అందించాడు. గుమాస్తా అడుగు వరుస చదివాడు.

"ఈ సరుకు వల్ల కొన్నవారికి ఏ హాని కలిగినా అమ్మినవారికి బాధ్యత లేదు. చీటీ అందుకున్నవారు ఇందుకు ఒప్పుకున్నట్టే."

అంకమ్మ చీటీని తిరిగి తీసుకుని ఆ అడుగు వరుసను చూసింది.

"నేను దేనికి ఒప్పుకున్నాను? నాకు చదవడం రాదు," అంది.

"చదివించుకోవలసింది," అన్నాడు నాగదత్తుడు మెల్లగా. "ఊరందరి కష్టాలూ నేను మోయలేను కదమ్మా. అందుకే ముందే రాసి ఇస్తున్నాను."

ఆమె మెట్లు దిగింది. కొట్టు ముందున్న రాతి అరుగు మీద కూలబడింది. అక్కడ అప్పటికే ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. చేతుల నిండా రాతి దుమ్ము. అతని పేరు సింగన్న. బండలు తీసి బతికేవాడు. లోపలి మాటలన్నీ అతని చెవిన పడ్డాయి.

"నాక్కూడా అదే వరుస చదివి వినిపించారమ్మా," అన్నాడు. "బండ లాగుతుంటే మోకు తెగింది. బండ వెళ్ళి నా ఎద్దు మీద పడింది. ఒక్కగానొక్క ఎద్దు. నిరుడు కూడా ఈ కొట్లోనే కొన్నాను, పాత ఖాతాదారుణ్ణి, కనికరించండి అని రెండు చీటీలూ చూపించాను. వినలేదు."

"ఏవీ, ఆ చీటీలు?"

సింగన్న సంచిలోంచి తీశాడు. అంకమ్మ వాటిని అరుగు మీద పరిచి, తన చీటీ కూడా పక్కన పెట్టింది. ఆమెకు అక్షరాలు తెలియవు గనుక వరుసల మీదనే చూపు ఆనింది. సింగన్న నిరుటి చీటీలో మూడే వరుసలు. అతని కొత్త చీటీలో నాలుగు. ఆమె చీటీలో నాలుగు.

"ఈ నాలుగోది నిరుడు లేదు అన్నా," అంది. "మధ్యలో ఏమైంది?"

సింగన్న ఆలోచించాడు. "కార్తీకంలో ఊరి చెరువు తెగింది. ఈయన సరుకుల కొట్లోకి నడుము లోతు నీళ్ళు వచ్చాయి. పది రోజులదాకా నీళ్ళు తగ్గలేదు."

అంకమ్మ వేళ్ళకు నార పొడి గుర్తుకొచ్చింది. నానిన మోకులు. ఎండబెట్టి, నూనె పట్టించి, పైపైన మెరిపించిన మోకులు. ఆ తరువాత రాసిన నాలుగో వరుస.

"నువ్వు కొన్న రోజున ఇంకెవరైనా కొన్నారా?"

"తేనెగుట్ట వాళ్ళు కొన్నారు. రెండు మోకులు. తేనె తీసే..." సింగన్న మాట మధ్యలో ఆగిపోయింది. "పున్నమి వెళ్ళిన మూడో నాడు గుట్ట మీద నుంచి దిగుతామన్నారమ్మా. పొద్దు వాలే వేళకు."

"మూడో నాడంటే రేపు."

తేనెగుట్ట కాలినడకన ఒకటిన్నర రోజు దారి. గుర్రం మీదైతే రెండు జాములు చాలు. వాళ్ళిద్దరికీ గుర్రం లేదు.

"అన్నా, నువ్వు నడక మొదలుపెట్టు," అంది అంకమ్మ. "నేను కోటకు పోయి గుర్రం అడుగుతాను. ఏది ముందు చేరితే అది చేరుతుంది."

సింగన్న రెండు చీటీలూ ఆమె చేతిలో పెట్టి, ఇంకో మాట లేకుండా లేచి వెళ్ళిపోయాడు.

కోట ద్వారం దగ్గర భటుడు ఆమెను ఆపాడు. రాజుగారి కొలువు పొద్దున్నే అన్నాడు. మనుషుల ప్రాణం మీదికొచ్చిందని చెప్పింది. పొద్దున్నే అన్నాడు. కాళ్ళు పట్టుకోబోయింది. అతను వెనక్కి తగ్గి, "నా చేతుల్లో లేదు తల్లీ, కూర్చో. అందరికంటే ముందు నిన్నే పంపుతాను," అన్నాడు. ఆమె అక్కడే గోడకు ఆనుకుని కూర్చుంది. తెల్లారేదాకా రెప్ప వేయలేదు.

తలుపులు తెరవగానే భటుడు మాట నిలబెట్టుకున్నాడు. నాగదత్తుడికి కబురు వెళ్ళింది. ఆయన గుమాస్తాతో సహా వచ్చి, వినయంగా నమస్కరించి నిలబడ్డాడు.

అంకమ్మ జరిగింది చెప్పింది. తేనెగుట్ట సంగతి చెప్పి, ముందు గుర్రాన్ని పంపమని వేడుకుంది.

నాగదత్తుడు చీటీ చదివించాడు. "ప్రభూ, రెండు మోకులు తెగితే కొట్లోని మోకులన్నీ చెడ్డవని అర్థమా? వాడిన తీరు ఎలాంటిదో ఎవరికి తెలుసు? అందుకే చీటీలో స్పష్టంగా రాయించాను. దాచిందేమీ లేదు," అన్నాడు.

వృద్ధ మంత్రి గడ్డం నిమిరాడు. "రాత రాతే. చీటీ అందుకున్న మాట నిజం. తిరిగి ఇవ్వలేదన్నదీ నిజం," అన్నాడు.

రాజు అంకమ్మ వైపు చూశాడు. "అమ్మా, దీనికి నీ జవాబేమిటి?"

కిటికీలోంచి ఎండ కొలువు మధ్యకు వచ్చేసింది. అంకమ్మ దాన్నే చూస్తోంది.

"మారాజా, షావుకారుగారిని మూడు మాటలు అడగనివ్వండి. త్వరగా అడుగుతాను."

రాజు తల ఊపాడు.

"అయ్యా, ఈ చీటీ నా చేతికి ఎప్పుడు ఇచ్చారు? వెల తీసుకోక ముందా, తరువాతా?"

"తరువాతే. చీటీ ఎప్పుడూ తరువాతే ఇస్తారు."

"ముందు నాతో ఏమన్నారు?"

"ఏనుగును కట్టినా ఆగుతుందన్నాను. వర్తకులు అనే మాటే అది."

"నేను కొన్నది ఆ మాటను నమ్మి. ఈ వరుస అప్పటికి నా కంట పడలేదు." ఆమె రెండో మాట అడిగింది. "ఈ నాలుగో వరుస అన్ని చీటీల్లోనూ రాయిస్తారా?"

"అన్నిటిలోనూ," అన్నాడు నాగదత్తుడు వెంటనే. "మా కొట్టు కట్టడి అది."

ఆమె సింగన్న నిరుటి చీటీ తీసి మంత్రి ముందు పెట్టింది. మంత్రి చదివాడు. అందులో ఆ వరుస లేదు.

"అది నిరుటిది," అన్నాడు నాగదత్తుడు. "ఈ ఏడు నుంచి కట్టడి మార్చాను. ఎవరికి అమ్మినా రాయిస్తున్నాను."

అంకమ్మ రాజు వైపు తిరిగింది. "మారాజా, మూడోది మిమ్మల్ని అడగాలి. కోటకు ఈ ఏడు మోకులు కొన్నారా?"

రాజు కోట సరుకులు చూసే ఉగ్రాణం అధికారిని పిలిపించాడు. గజశాలకూ కోట బావికీ చైత్రమాసంలో ఆరు మోకులు వచ్చాయని చెప్పి, అతను చీటీ తెచ్చి ఇచ్చాడు. రాజు దాన్ని తానే చేతిలోకి తీసుకున్నాడు. చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు.

"ఇందులో మూడే వరుసలున్నాయి," అన్నాడు.

కొలువంతా నాగదత్తుడి వైపు తిరిగింది.

"ప్రభువుల చీటీలో అలాంటి మాట రాయడం మర్యాద కాదని..." అన్నాడు నాగదత్తుడు.

"మర్యాద సంగతి ఉండనీ," అన్నాడు రాజు. "నా ఏనుగులకు పంపిన మోకూ, ఈమెకు అమ్మిన మోకూ ఒక్క రాశిలోవేనా?"

నాగదత్తుడు గుమాస్తా వైపు చూశాడు. ఒక్క రాశిలోవంటే, చీకిన మోకులను కోటకు పంపినట్టు ఒప్పుకోవాలి. వేరు రాశిలోవంటే, ఏది మంచిదో ఏది చీకినదో తనకు ముందే తెలుసునని ఒప్పుకోవాలి.

అంకమ్మ మోకు ముక్కను మూట విప్పి నేల మీద పెట్టింది. నల్లటి పొడి రాలింది.

"మారాజా, ఈయన తెలియక అమ్మలేదు. తెలుసు గనుకనే ఆ వరుస రాయించాడు. ఏ మోకు మీద భయం ఉందో ఆ మోకుకే నాలుగో వరుస వచ్చింది. కానీ ఈయన జవాబు తరువాత వినవచ్చు. ఎండ చూడండి. ముందు గుర్రాన్ని పంపండి."

రాజు సింహాసనం మీద నుంచి లేచాడు. ఆయన చేయెత్తగానే ఇద్దరు రౌతులు కోట మోకు ఒకటి తీసుకుని బయటికి పరుగెత్తారు. గుర్రాల డెక్కల చప్పుడు రాతి వీధిలో దూరమైంది.

అప్పుడు నాగదత్తుడు మోకాళ్ళ మీద కూలిపోయాడు.

"నలభై ఒక్క మోకులు నానిపోయాయి ప్రభూ," అన్నాడు. "పారేయడానికి మనసొప్పలేదు. రాసి ఇస్తున్నాను కదా, వాళ్ళకు తెలిసినట్టే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ప్రతిరోజూ అదే చెప్పుకున్నాను."

"ఎన్ని అమ్మావు?"

"పంతొమ్మిది."

"ఎవరెవరికి?"

ఆయన కళ్ళు మూసుకుని ఒక్కొక్క పేరే చెప్పాడు. ఆయన మరిచినవి గుమాస్తా అందించాడు. పేరు పేరుకూ ఒక రౌతు బయలుదేరాడు. బావులు తవ్వేవాళ్ళు, సున్నపు బట్టీల వాళ్ళు, తాటిచెట్లు ఎక్కేవాళ్ళు. పేర్లు అయ్యేసరికి కోటలో గుర్రమన్నది మిగలలేదు.

అంకమ్మ ద్వారం దగ్గరికే తిరిగి వెళ్ళింది. ఏమైనా తిను అని భటుడు జొన్నరొట్టె ఇచ్చాడు. ఆమె దాన్ని చేతిలో పట్టుకునే కూర్చుంది. ఒకరొకరుగా రౌతులు తిరిగి వస్తున్నారు. ఒక ఊళ్ళో మోకును ఇంకా వాడనే లేదు. మరో ఊళ్ళో అప్పుడే తెగింది, మనుషులెవరూ దాని కింద లేరు. తేనెగుట్ట నుంచి మాత్రం కబురు రాలేదు. పొద్దు వాలింది. గుట్ట వైపు దారి ఖాళీగా కనిపించింది.

మర్నాడు పొద్దెక్కాక, రౌతు వెనక గుర్రం మీద కూర్చుని సింగన్న వచ్చాడు. దిగుతూ తూలాడు. అంకమ్మ లేచి నిలబడింది గానీ, అడగడానికి ధైర్యం చాలలేదు.

"బతికాడమ్మా," అన్నాడు సింగన్న.

ఆమె మళ్ళీ కూర్చుంది.

"దారిలో వీళ్ళు నన్ను ఎక్కించుకున్నారు. గుట్ట మీదికి పోయేసరికి ఒకాయన సగం దాకా దిగిపోయాడు. గట్టిగా అరిస్తే తేనెటీగలు లేస్తాయి. లాగుదామంటే, అంచు రాయి దగ్గర మోకు రెండు పేటలు అప్పటికే విడిపోయాయి. మూడో పేట ఒక్కటే పట్టుకుని ఉంది. రౌతు తన దగ్గరున్న కోట మోకు వదిలాడు. ఆయన ఒక చేత్తో దాన్ని నడుముకు చుట్టుకున్నాడో లేదో, మొదటిది తెగి లోయలోకి పోయింది. అందరం కలిసి ఆయన్ని పైకి లాగాం."

ఆ రోజే రాజు తీర్పు చెప్పాడు. కోట ముందు వీధిలో అందరూ వినేలా చెప్పాడు.

నాగదత్తుడు బొంతయ్య లేచి తిరిగేదాకా ఆ ఇంటిని పోషించాలి. ఆ తరువాత అతను కూర్చుని చేసుకోగలిగే బతుకుతెరువు చూపించాలి. సింగన్నకు ఎద్దును ఇవ్వాలి. మిగిలిన మోకులను తన చేతులతోనే తగలబెట్టాలి.

"ఇక నుంచి నా రాజ్యంలో," అన్నాడు రాజు, "అమ్మేటప్పుడు నోటితో చెప్పిన మాటే బేరం. బేరం అయిపోయాక చేతిలో పెట్టిన రాత దాన్ని మార్చలేదు. తెలిసిన లోపం ఉంటే, వెల తీసుకోక ముందే, కొనేవాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. మనిషికి జరిగిన హానిని తుడిచేసే చీటీ ఎవరు రాసినా, అది చెల్లదు."

తరువాత మంత్రిని దగ్గరికి పిలిచి, "రాత రాతే అని మనమూ అనబోయాం," అన్నాడు. మంత్రి తల దించుకున్నాడు.

నాగదత్తుడు మోకులను తగలబెట్టాడు. నూనె పట్టినవి గనుక చాలాసేపు మండాయి. మంట ఆరేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు. కొట్టు మూసేస్తాడనుకున్నారంతా. మూయలేదు. కానీ అప్పటి నుంచి ఎవరు మోకు అడిగినా, కొస విప్పి, లోపలి నారను వాళ్ళ వేళ్ళకు అందించి, చూసుకున్నాకే బేరం మాట్లాడేవాడు. కొన్నేళ్ళకు గానీ జనం ఆ మెట్లు మునుపటిలా ఎక్కలేదు.

బొంతయ్య చలికాలం వచ్చేసరికి కర్ర సాయంతో నడిచాడు. బావిలోకి మాత్రం మళ్ళీ దిగలేదు. ఏ తీర్పూ ఆ కాలును మునుపటిలా చేయలేకపోయింది. ఆ సంగతి అంకమ్మకు తెలుసు, రాజుకూ తెలుసు.

కాబట్టి పిల్లలూ, తెలిసి తెలిసి చెడ్డ సరుకు అమ్మినవాడు ఎంత పెద్ద చీటీ రాసిచ్చినా ఆ తప్పు వాడిదే అవుతుంది; లోపాన్ని ముందే నోరు విప్పి చెప్పినవాడే నిజమైన వర్తకుడు.